భయం వేస్తే గుండె ఎందుకు దడదడలాడుతుంది?

వానాకాలంలో పూండి జలాశయం గేట్లు ఎత్తినప్పుడు కుశస్థలి నది హోరు విన్నారా? నురగలు కక్కుతూ నీళ్లు దూకుతుంటే, ఎంతో దూరాన నిలబడ్డా అరచేతులు చెమరుస్తాయి, నోరెండిపోతుంది. ఎందుకు?

మెదడులో బాదంగింజంత ఉండే అమిగ్డలా ముందుగా ఉలిక్కిపడుతుంది. వెంటనే మూత్రపిండాల పైనున్న గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. పారిపోవాలన్నా, ఎదురు నిలవాలన్నా కండరాలకు రక్తం కావాలి కదా! అందుకే గుండె పరుగందుకుంటుంది. భయపడటం పిరికితనం కానే కాదు, ఒంట్లోని కాపలాదారు మేలుకున్నాడంతే. వరదనీటి దగ్గర ఆ కాపలాదారు మాట వినాల్సిందే, గట్టు దిగకూడదు.

కానీ తరగతిలో లేచి మాట్లాడాలన్నా అదే దడ పుడుతుందే, అప్పుడెలా?

నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ ఏం చేసిందో చూద్దాం. ముందు భువనగిరి కొండరాయి ఎక్కడం నేర్చుకుంది. తర్వాత మంచుకొండల్లో శిక్షణ. 2014 మే 25న, 14 ఏళ్లు నిండకముందే, ఎవరెస్టు శిఖరం చేరింది. మొదటే ఎవరెస్టుకు వెళ్లలేదు చూడండి, నాకు బాగా నచ్చేది అదే. భయాన్ని కొంచెం కొంచెంగా ఎదుర్కొన్నప్పుడల్లా 'పోయినసారి ఏమీ కాలేదుగా' అన్న కొత్త జ్ఞాపకం మెదడులో పాత భయం పక్కన చేరి, దాన్ని అదుపులో పెడుతుంది.

ఈలోగా దడ తగ్గాలంటే ఊపిరి మెల్లగా, పొడుగ్గా వదలండి. వదిలేటప్పుడు వేగస్ అనే నరం గుండె వేగాన్ని తగ్గిస్తుంది. మణికట్టు మీద వేళ్లు ఆనించి చూడండి, నాడి నెమ్మదించడం మీకే తెలుస్తుంది.