ఒకే కర్తవ్యము గల ఒడంబడిక

1995వ సంవత్సరమున సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ లోకమున కందించిన జావా భాషలో, ప్రోగ్రాము చేయు పని యేదైనను ఒక క్లాసునో ఇంటర్‌ఫేస్‌నో ఆశ్రయించియే యుండవలెను. ఇందువలన పెద్ద ప్రోగ్రాములకు క్రమశిక్షణ యలవడినమాట వాస్తవమే కాని, ఒక చిన్నపనిని మాత్రమే మరియొక భాగమున కప్పగింపవలసినప్పుడు ప్రోగ్రామరుకు కలుగు శ్రమ మితిమీరి యుండెడిది.

కొన్ని పేర్లను పొడవునుబట్టి వరుసగా నమర్పవలె ననుకొందము. అమర్చు విద్య జావా లైబ్రరీకి ముందే తెలియును. ఏ రెంటిలో నేది ముందు రావలెనను తీర్పు మాత్రమే మన మీయవలసినది. అందులకు కంపేరేటర్ అను ఇంటర్‌ఫేస్ కలదు. ఇంటర్‌ఫేస్ అనగా నొక ఒడంబడిక: ఏ పని జరుగవలెనో అది చెప్పును, ఎట్లు జరుగవలెనో దాని నంగీకరించిన క్లాసు చెప్పును. పొడవుల పోలిక ఒక్క పంక్తిలో ముగియునదే. అయినను దానికొరకు పేరులేని క్లాసు నొకదానిని కల్పించి, మెథడ్ పేరును, అది తీసికొను విలువల రకములను తు.చ. తప్పక వ్రాయవలసివచ్చెడిది.

2014 మార్చిలో వెలువడిన జావా 8 ఈ భారమును తొలగించెను. దేహములేని మెథడ్, అనగా అబ్‌స్ట్రాక్ట్ మెథడ్, ఒక్కటియే గల ఇంటర్‌ఫేస్‌నకు ఫంక్షనల్ ఇంటర్‌ఫేస్ అని పేరు. పూరింపవలసిన స్థానము ఒక్కటియే గనుక, తీసికొను విలువలను, బాణపు గుర్తును, చేయవలసిన పనిని మాత్రమే వ్రాసినను, ఆ వ్రాత ఏ మెథడ్‌నకు దేహమో కంపైలరు నిస్సంశయముగ గ్రహించును. ఈ వ్రాతయే ల్యాంబ్డా. 1930లలో అలోంజో చర్చ్ నిర్మించిన గణితపద్ధతినుండి వచ్చిన నామమిది. దేహముతో గూడిన డిఫాల్ట్ మెథడ్లు ఎన్నియున్నను లెక్కకు రావు. కంపేరేటర్‌లో ఈక్వల్స్ కూడ దేహములేకయే ప్రకటింపబడినను, అది సకల ఆబ్జెక్టులకును సంక్రమించునదే గావున గణింపబడదు.

బ్రయాన్ గోయెట్జ్ నాయకత్వమున జావా ల్యాంబ్డాలను రూపొందించినవారు ఫంక్షన్లకై సరికొత్త రకము నొకదానిని భాషలో చేర్చియుండవచ్చును. అట్లు చేయక, ఉన్న ఇంటర్‌ఫేస్‌లలోనే ఆ యోగ్యతను గుర్తించుట నాకు మిక్కిలి శ్లాఘ్యముగ దోచును. ఏలయన, ఎవరో యెన్నడో వ్రాసికొన్న ఏకమెథడ్ ఇంటర్‌ఫేస్‌లు సైతము ఒక్క అక్షరము మార్చకయే ల్యాంబ్డాలను స్వీకరింపగలిగెను.

పరీక్షించుటకు ప్రెడికేట్, మార్చుటకు ఫంక్షన్, గ్రహించుటకు కన్స్యూమర్, ఒసగుటకు సప్లయర్ మొదలుగా 43 సిద్ధ ఇంటర్‌ఫేస్‌లు కూడ జావా 8తో వచ్చెను. అయినను అన్నిచోట్లను వీనినే వాడుట యుక్తము కాదు. రెండు విలువలను గొని పూర్ణసంఖ్య నొసగు సాధారణ ఇంటర్‌ఫేస్ వానిలో నున్నను, మొదటిది రెండవదానికంటెను, రెండవది మూడవదానికంటెను ముందైనచో మొదటిది మూడవదానికంటెను ముందే కావలెనను నియమము కంపేరేటర్ ఒడంబడికలో మాత్రమే కలదు.