పడ్డ చెట్టు... నిలబడ్డ చెట్టు

రాత్రంతా హోరెత్తిన గాలి తెల్లారేసరికి చల్లబడుతుంది. గడియ తీసి పెరట్లోకి తొంగిచూస్తే... ఇది నిన్నటి పెరడేనా అనిపిస్తుంది. బావి గిలక మీదికి ఒరిగిన కొబ్బరిచెట్టు, నేలకరిచిన అరటిగెల, ఎవరింటి పైనుంచో ఎగిరొచ్చి పడ్డ రేకు. దండెం జాడే లేదు. కోళ్లగూడు ఎటు పోయిందో కోళ్లకే తెలియాలి!

తీరంలో ఉండేవాళ్లకి ఈ దృశ్యం కొత్తేం కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచేసిన ఉప్పెన, 1996 నవంబరు 6న కోనసీమ మీద పడ్డ తుపాను, 2014 అక్టోబరు 12న విశాఖను ఊడ్చేసిన హుద్‌హుద్‌, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఉద్దానాన్ని నేలకూల్చిన తిత్లీ, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్‌... పేర్లు మారుతుంటాయి. మర్నాడు పొద్దున్నే చేతికి తీసుకునే కత్తి, పార మాత్రం అవే.

ఆ పూట ఇంటిల్లిపాదికీ ఒకటే తొందర- ముందు ఈ చెత్తంతా తీసి అవతల పారేయాలని. కూలీలను పిలిచి ఒరిగిందల్లా కొట్టేయించి, కొట్టిందంతా ఓ మూల కుప్పపోస్తే పెరడు శుభ్రమైనట్టే కనిపిస్తుంది. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది. ఇంకా బతికే చెట్టు గొడ్డలికి బలైపోతుంది. చచ్చిన చెట్టేమో మూలన కుళ్లుతూ, అంత గాలికీ తట్టుకుని నిలబడ్డ చెట్టును కూడా తినేస్తుంది. ఎలాగంటారా..?

ముందు కర్ర, తర్వాతే కత్తి

పెరట్లో అడుగుపెట్టేముందు తల పైకెత్తి చూడాలి. కరెంటు తీగ తెగి కొమ్మల్లో చిక్కుకుని ఉండొచ్చు. సరఫరా లేదు కదా అని దాన్ని చేత్తో తీయబోవడం ప్రాణంమీదికి తెస్తుంది. లైన్‌మన్‌ వచ్చి చూసేదాకా ఆ చెట్టు జోలికి వెళ్లకూడదు. సగం విరిగి వేలాడుతున్న కొమ్మ కింద, ఒరిగిన చెట్టు నీడన పిల్లల్ని అసలే తిరగనివ్వకూడదు.

ఇక పాములు. వాటి పుట్టల్లోకీ నీళ్లొస్తాయి. పాపం, అవీ పొడినేల వెతుక్కుంటాయి. వాటికి దొరికేది మట్టల కుప్ప, కూలిన గోడ, తడవని గోనెసంచీ. 2018 ఆగస్టులో వానల తర్వాత దివిసీమలో పాముకాటు బాధితులు వరసగా అవనిగడ్డ ఆసుపత్రికి వచ్చారు. అందుకే మట్టల్ని చేత్తో లాగకుండా పొడవాటి కర్రతో కదిపి, కాసేపాగి తీయాలి. కాళ్లకు బూట్లు ఉండాలి. ఒకవేళ కాటు పడితే కోయడాలు, నోటితో పీల్చడాలు, బిగించి కట్లు కట్టడాలు వద్దు. కాటుపడ్డ చేయో కాలో కదలకుండా ఉంచి, 108కి ఫోన్‌ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లడమే.

మరో మాట. పడిన చెట్లను కొట్టించేముందు ఫొటోలు తీసి పెట్టుకోవాలి. నష్టం రాసుకోవడానికి వచ్చేవాళ్లకు ఖాళీ నేల చూపిస్తే లాభమేముంది?

మోడైనా బతికే ఉంది

హుద్‌హుద్‌ వెళ్లిన మర్నాడు విశాఖ చుట్టూ కొండలు నిప్పంటుకుని కాలినట్టు గోధుమరంగుకు తిరిగాయి. నిలబడ్డ చెట్లకూ ఆకన్నది లేదు. గంటకు 180 కిలోమీటర్ల దరిదాపు వేగంతో వీచిన గాలి, సముద్రపు ఉప్పునీటి తుంపర కలిసి చేసిన పని అది. అవన్నీ చచ్చినట్టేనని చాలామంది అనుకున్నారు. వారాలు గడిచేసరికి వాటిలో ఎన్నో మళ్లీ చిగురించాయి. కాబట్టి ఆకు రాలిన వేపనో, మామిడినో చూసి తొందరపడక్కర్లేదు. గోటితో బెరడు గీకితే లోపల పచ్చగా తడిగా ఉందా, దానికి ప్రాణం ఉన్నట్టే.

వేళ్లు పైకి లేచి పక్కకు పడిపోయిన చిన్న మామిడి, జామ, నిమ్మ, కరివేప చెట్లనూ చాలావరకు కాపాడొచ్చు. అయితే రెండు మూడు రోజుల్లోనే లేపాలి. అప్పటిదాకా వేళ్లు ఎండిపోకుండా తడి గోనె కప్పి ఉంచాలి. చిరిగిన వేళ్లను కత్తితో నున్నగా కోసి, కొమ్మల్లో మూడోవంతు దాకా తగ్గించి, గుంతను వెడల్పు చేసి నెమ్మదిగా నిలబెట్టాలి. మూడువైపులా తాళ్లు కట్టి, తాడు ఒరుసుకునేచోట గోనెపట్టా చుట్టాలి. పెద్ద చెట్టును మాత్రం మనుషుల బలంతో లేపబోయి నడుం విరగ్గొట్టుకోవద్దు.

అరటికి ఈ బాధ లేదు. విరిగిన తల్లిచెట్టును మొదలుకంటా కొట్టేస్తే పక్కన పిలకలు లేస్తాయి. ఇక మునగ... గాలివాన మర్నాడు దాన్ని చూస్తే ‘మునగచెట్టు ఎక్కించడం’ అన్న మాట ఎందుకు పుట్టిందో ఇట్టే అర్థమైపోతుంది!

ప్రాణమంతా మొవ్వులోనే

కొబ్బరి సంగతి వేరు. మామిడికి ఓ కొమ్మ విరిగితే ఇంకో కొమ్మ వస్తుంది. కొబ్బరికి కొమ్మల్లేవు. తల నడిమధ్యలో ఉండే మొవ్వు ఒక్కటే ఆధారం. అది విరిగిందా, కింద ముప్ఫై అడుగుల కాండం నిక్షేపంలా ఉన్నా చెట్టు చచ్చినట్టే. అదే, మట్టలన్నీ విరిగిపోయినా మొవ్వు పచ్చగా నిలిచిందంటే చెట్టు తేరుకుంటుంది. ఒరిగిపోయినా సరే, వేళ్లు సగమైనా నేలలో ఉంటే తల మళ్లీ ఆకాశంకేసి వంపు తిరిగి పెరుగుతుంది.

ఈ తేడా తెలియడం ఎంత అవసరమో శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు పక్క ఊళ్లకు వెళ్తే అర్థమవుతుంది. తిత్లీ అంటే సీతాకోకచిలుక. ఆ ముచ్చటైన పేరుతో గంటకు 140-150 కిలోమీటర్ల వేగంతో పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లను లక్షల్లో కూల్చింది. అక్కడ పెరటి కొబ్బరంటే పచ్చడికి నాలుగు కాయలిచ్చే చెట్టు కాదు. ఇంటి ఖర్చులకు డబ్బులిచ్చే చెట్టు. కొత్తగా పొడుగురకం మొక్క నాటితే కాపుకొచ్చేసరికి ఆరేడేళ్లు పడుతుంది. అప్పుడు పుట్టిన బిడ్డ బడికెళ్లే వయసన్నమాట! బతికే చెట్టును ఒక్కదాన్ని పొరపాటున కొట్టేసినా అన్నేళ్లు వెనక్కి పోయినట్టే.

కాబట్టి గాలి తగ్గాక దింపువాళ్లను ఎక్కించి చూపించుకోవాలి. విరిగి వేలాడే మట్టలు, చిట్లిన గెలలు మాత్రమే తీయించి, పచ్చి మట్టలను వదిలేయాలి. మొవ్వులో చేరిన చెత్త, నీరు తీసేయాలి. తుపాను తేమకు అక్కడ మొవ్వుకుళ్లు తెగులు పట్టుకుంటుంది. మొవ్వాకును మెల్లగా లాగితే ఊడి చేతికొచ్చిందంటే తెగులు లోపలికి దిగినట్టే. కుళ్లు కనిపిస్తే ఆ భాగం గీకేసి బోర్డో పేస్టు పూస్తారు. పక్కనున్న చెట్లకు రాకుండా ఒక శాతం బోర్డో మిశ్రమం- అంటే వంద లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం- మొవ్వు తడిసేలా పోస్తారు. దీన్ని ఇనప బకెట్లో కాకుండా ప్లాస్టిక్‌ పాత్రలోనే కలపాలి.

మూలనున్న కుప్ప

అసలు ప్రమాదం అందరూ మర్చిపోయాక వస్తుంది. నరికిన దుంగలు గోడవారన పడి ఉంటాయి. వానకు నాని మెత్తబడతాయి. కొమ్ముపురుగుకు కావలసింది అదే. కుళ్లిన కొబ్బరి కాండంలో, పేడగుంతలో అది గుడ్లు పెడుతుంది. వేలెడు లావు తెల్లటి లద్దెపురుగులు అందులోనే తిని పెరిగి, రెక్కలొచ్చాక నేరుగా పక్కనున్న బతికిన చెట్టు మొవ్వులోకి తొలుచుకుపోతాయి. విప్పారిన ఆకు కత్తెరతో కోసినట్టు కనిపిస్తే అది వీటి పనే. అవి చేసిన గాయాల్లోకి, గాలివాన చేసిన గాయాల్లోకి ఎర్ర ముక్కుపురుగు చేరుతుంది. ఇది మరీ దొంగ. చెట్టు తల వాలేదాకా లోపల ఏం జరుగుతోందో తెలియనివ్వదు. తుపానుకు నిలబడ్డ చెట్లు మరుసటి ఏడాదో ఆపై ఏడాదో పడిపోతుంటే దిష్టి తగిలిందనుకుంటారు. చాలాచోట్ల ఆ దిష్టి పెరటి మూలన కుప్పలోనే ఉంటుంది!

తలతెగి నిలబడ్డ మోడులను కూడా కొట్టించేయాలి. ముదురు కాండాలు వాసాలకు, దూలాలకు పనికొస్తాయి. కోనసీమలో పంటకాలువ మీద వంతెనగా వేసుకుంటారు. పనికిరాని మెత్తటి పైభాగాన్ని చీల్చి, ఎండబెట్టి పొయ్యిలోకి వాడుకోవాలి. మొద్దును తవ్వి తీయాలి. కుదరకపోతే మట్టితో పూర్తిగా కప్పేయాలి. పేడగుంతను అప్పుడప్పుడూ తిరగేస్తే లద్దెపురుగులు బయటపడతాయి. తర్వాత సంగతి కోళ్లు చూసుకుంటాయి. గుంతలో మెటారైజియం అనే మేలుచేసే శిలీంద్రాన్ని కలిపితే పురుగులు అందులోనే చచ్చిపోతాయి. మట్టలు మాత్రం బంగారమే. తడికెలు, పందిళ్లు, చీపురు ఈనెలు... ఏవీ వృథా పోవు.

కొబ్బరిచిప్పలు, పాత టైర్లు, పగిలిన కుండలు మొదటి వారంలోనే బోర్లించేయాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చే దోమ కావడానికి వారం పది రోజులు చాలు.

బావి లెక్క

వరద నీరు కలిసిన బావిని ముందు తోడించాలి. ఊరిన కొత్తనీటికి బ్లీచింగ్‌ పౌడర్‌ లెక్క ఇదీ: బావి అడ్డాన్ని మీటర్లలో కొలిచి, దాన్ని దానితోనే గుణించాలి. వచ్చినదాన్ని నీటి లోతుతో, మళ్లీ 785తో గుణిస్తే ఎన్ని లీటర్లో తెలుస్తుంది. రెండు మీటర్ల అడ్డం, మూడు మీటర్ల నీళ్లుంటే 9,420 లీటర్లు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున 24 గ్రాములు కావాలి. ఇది మామూలు రోజుల లెక్క. వరద తర్వాత ఇంకా ఎక్కువ వేయాల్సి ఉంటుంది గనక ఆరోగ్య కార్యకర్తను అడిగి వేయడం మంచిది. పొడిని నేరుగా బావిలో చల్లకూడదు. బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేటను పోసి, చేదతో కలిపి, గంటసేపు వదిలేయాలి. మూతతీసి ఏళ్లుగా మూలనపడ్డ పౌడరైతే పోసినా దండగే, అందులో క్లోరిన్‌ మిగిలుండదు. తాగేనీరు కొన్నాళ్లు కాచుకోవాల్సిందే.

ఇవన్నీ అయ్యేసరికి పది పదిహేను రోజులు పడుతుంది. ఈలోగా కుప్పలో విరిగిన మునగకొమ్మ ఒకటి కనిపిస్తే పారేయొద్దు. బొటనవేలికన్నా లావుగా, మూడు నాలుగడుగుల పొడవున్న ముక్కను నీళ్లు నిలవని చోట అడుగు లోతున పాతితే చాలు... మళ్లీ చిగురేస్తుంది.