ఎముక విరగకముందే తెలుసుకోవచ్చా?

విద్యార్థులారా! ఒక ప్లాస్టిక్ స్ట్రా తీసుకొని, దాని మధ్యలో ఒక పక్కన చిన్న రంధ్రం చేయండి. రెండు కొసలూ పట్టుకొని వంచండి. రంధ్రం ఉన్న చోటే మడత పడుతుంది. మన తొడ ఎముక కూడా లోపల బోలుగా ఉండే గొట్టమే. దాని గోడకు గుంట పడితే ఏమవుతుందో ఇప్పుడు చూద్దాం.

రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, థైరాయిడ్‌లలో పుట్టిన క్యాన్సర్లు తరచుగా ఎముకలకు వ్యాపిస్తాయి. ఎముకను కరిగించే కణాలు, కట్టే కణాలు మామూలుగా సమతూకంలో పనిచేస్తాయి. క్యాన్సర్ ఈ తూకాన్ని చెడగొడుతుంది. కరగడం ఎక్కువైతే ఎముకలో గుంటలు పడతాయి. అప్పుడు కింద పడనక్కరలేదు. మెట్టు ఎక్కినా, గిరుక్కున తిరిగినా ఎముక విరగవచ్చు.

సూరత్‌లోని పాండేసర మరమగ్గాలకు, అద్దకం మిల్లులకు పేరుపొందిన పారిశ్రామికవాడ. తెలంగాణ నుంచి ఎన్నో నేత కుటుంబాలు సూరత్‌కు వలస వెళ్ళాయి. అక్కడ మగ్గం నడిపే ఒకాయనకు గతంలో మూత్రపిండాల క్యాన్సర్‌కు చికిత్స జరిగిందనుకుందాం. ఇప్పుడు అడుగు వేసినప్పుడల్లా తుంటి దగ్గర నొప్పి. రోజంతా నిలబడే పని కదా అని ఆయన సరిపెట్టుకుంటున్నాడు. ఇది నిజంగా అలసటేనా?

దీన్ని అంచనా వేయడానికి 1989లో మిరెల్స్ అనే వైద్యుడు ఒక పద్ధతిని ప్రతిపాదించారు. అందులో నాలుగు ప్రశ్నలు. ఒక్కొక్కదానికి 1 నుంచి 3 మార్కులు.

మొదటిది, చోటు: చెయ్యి అయితే 1, కాలు అయితే 2, తుంటి దగ్గరి తొడ ఎముక అయితే 3. రెండవది, నొప్పి: కొద్దిగా ఉంటే 1, ఓ మాదిరిగా ఉంటే 2, బరువు మోపితే హెచ్చేదైతే 3. మూడవది, ఎక్స్‌రేలో రూపం: ఎముక గట్టిపడితే 1, రెండూ కలిస్తే 2, కరిగిపోతే 3. నాలుగవది, పరిమాణం: ఎముక వెడల్పులో మూడో వంతు కంటే తక్కువైతే 1, మూడింట రెండు వంతుల లోపైతే 2, అంతకు మించితే 3.

మన నేత కార్మికుని ఎక్స్‌రేలో ఎముక సగం వెడల్పు వరకు కరిగి కనిపించిందనుకుంటే, 3+3+3+2 = 11. సాధారణంగా 7 లోపు అయితే రేడియేషన్ చికిత్స చాలంటారు. 8 అయితే వైద్యుడు ఇతర విషయాలూ ఆలోచిస్తాడు. 9, ఆపైన అయితే విరగకముందే ఎముక లోపల లోహపు కడ్డీ అమర్చడం మంచిదని సూచన.

మిరెల్స్ లెక్కలో 9 మార్కులకు విరిగే అవకాశం సుమారు 33 శాతం. అంటే ముగ్గురిలో ఇద్దరికి విరగకపోవచ్చు కూడా! ఆయన పరిశీలించినవి 78 ఎముక గాయాలే. అందుకే ఈ మార్కులు తీర్పు కావు, హెచ్చరిక మాత్రమే. రోగి ఆరోగ్యస్థితిని కూడా చూసి వైద్యులు నిర్ణయిస్తారు. సి.టి. స్కాన్ చిత్రాల నుంచి కంప్యూటరులో ఎముక నమూనా తయారుచేసి, అది ఎంత బరువుకు విరుగుతుందో లెక్కగట్టే పద్ధతులు కూడా ఇప్పుడు వచ్చాయి.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఈ నాలుగింటిలో మూడు ఎక్స్‌రే చెబుతుంది. నాలుగోదైన నొప్పిని రోగి ఒక్కడే చెప్పగలడు. క్యాన్సర్ వచ్చినవారు మీ ఇంట్లో ఉండి, నడిస్తే కాలు నొప్పి అంటే, అలసట అనుకొని ఊరుకోకండి. వెంటనే వైద్యునికి చెప్పండి.