తోక పట్టుకొస్తే... తోవివ్వండి!

ఏప్రిల్ వచ్చిందంటే నూజివీడు రోడ్లకు నిద్ర ఉండదు. బంగినపల్లి, చినరసాలు, పెదరసాలు ట్రేలకెత్తుకుని ట్రాక్టర్లు, ట్రాలీ ఆటోలు, లారీలు బారులు తీరతాయి. కొన్ని ఆగిరిపల్లి మీదుగా నున్న మార్కెట్‌కి, మరికొన్ని హనుమాన్ జంక్షన్ దగ్గర హైవే ఎక్కడానికి. ఎండ ముదరకముందే సరుకు దిగాలి. అందరికీ తొందరే. ఆ తొందరంతా ముందు వెళ్లే బండి వీపు మీద పడుతుంది.

పిల్లాపాపలతో కారులో వెళ్తున్నారు. అద్దంలో చూస్తే లారీ ముఖం తప్ప ఇంకేం కనపడదు. హారన్ ఆగదు. అప్పుడేం చేయాలి?

చాలామంది కంగారుపడి వేగం పెంచేస్తారు. వెనకవాడూ పెంచుతాడు. దూరం మాత్రం అంతే! ఇంకొందరికి పౌరుషం పొడుచుకొస్తుంది. బుద్ధి చెప్పాలని ఉన్నట్టుండి బ్రేకు తొక్కుతారు. లోడు లారీ కారు ఆగినంత తొందరగా ఆగదు. పాఠం ఎవరికో చెప్పబోతే దెబ్బ వెనకసీట్లో కూర్చున్న పిల్లలకి తగులుతుంది.

చేయాల్సింది కాస్త విడ్డూరంగా అనిపిస్తుంది. వెనక బండి దగ్గరయ్యేకొద్దీ ముందు బండికి దూరం జరగాలి. అలా చోటుంటే, ముందు ఏం జరిగినా మెల్లగా బ్రేకు వేయొచ్చు. మనం మెల్లగా ఆగితే వెనకవాడికీ ఆగే వ్యవధి దొరుకుతుంది. రోడ్డు ఖాళీగా కనిపించగానే ఎడమకు జరిగి, వేగం కొద్దిగా తగ్గించి దాటనివ్వాలి. దాటుతున్నప్పుడు పోటీపడి వేగం పెంచకూడదని నిబంధనల్లోనూ ఉంది.

మరి ముందు బండికి ఎంత దూరం? గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ప్రమాదం గుర్తించి కాలు బ్రేకు మీదకు వెళ్లేసరికే ఆ 17 మీటర్లూ అయిపోతాయి. అందుకే ముందు బండి ఏదో కరెంటు స్తంభం దాటగానే ‘వెయ్యిన్నొకటి, వెయ్యిన్ని రెండు’ అని లెక్కపెట్టాలి. లెక్క పూర్తికాకుండానే మీరూ స్తంభం చేరారా... మరీ దగ్గరగా ఉన్నట్టే! వాన పడితే ఆ లెక్కను రెట్టింపు చేయాలి. వేసవిలో పడే తొలి జల్లుకు దుమ్మూ ఆయిలూ కలిసి తారురోడ్డు జారుతుంది.

ముందున్నది ట్రాక్టర్ ట్రక్కయితే ఇంకా జాగ్రత్త. చాలావాటికి వెనక లైట్లు ఉండవు. బ్రేకు వేసిన సంగతి దగ్గరకెళ్తేగానీ తెలియదు. అన్నట్టు, లారీ వెనక చిన్న అక్షరాల్లో రాసిన ‘నన్ను చూసి ఏడవకురా’ను హాయిగా చదువుకోగలుగుతున్నారంటే మీరే ఇంకొకరి తోక పట్టుకున్నారన్నమాట.

ఇది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. 10, 15 అడుగుల దూరంలో లారీ వెనకే వెళ్లిన ఓ కారు, లారీ హఠాత్తుగా ఆగడంతో దాన్ని గుద్దింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తప్పు వెనక వచ్చిన కారు డ్రైవర్‌దేనని 2018లో కోర్టు తేల్చింది. అంతా అనుకూలంగా ఉన్నప్పుడే కనీసం రెండు, మూడు సెకన్ల దూరం ఉండాలంది.

ఎంత తోవిచ్చినా వెనకవాడు వదలకపోతే? ఇండికేటర్ ముందుగానే వేసి, పెట్రోలు బంకులోకో రోడ్డు పక్క మామిడికాయల పాక దగ్గరికో తిప్పేయడమే. డజను చినరసాలు బేరమాడి సంచిలో వేయించుకునేసరికి ఆ హారన్ ఆగిరిపల్లి దాటేసి ఉంటుంది.