గడ్డివాము చాటు పిల్లికి జబ్బా?



ధాన్యం ఇల్లు చేరగానే ఎలుకలు చేరుతవి. వాటి వెనుకనే ఎవరూ పెంచని పిల్లులూ వస్తవి. అటువంటి పిల్లి ఒకటి రెండు రోజులుగా గడ్డివాము చాటున కదలక కూర్చున్నదనుకోండి. పిల్లలు పాలగిన్నె పట్టుకొని పరుగెడతారు. పెద్దలు "దానికేం రోగమో, తరిమేయండి" అంటారు. రెండూ తొందరపాటే. ముందు నాలుగు బారల దూరాన నిలబడి చూడవలెను.

కూర్చున్నంత మాత్రాన జబ్బు కాదు. పగటిపూట పిల్లి చాలాసేపు నిద్రపోతుంది. చూలుపిల్లి, కూనలను దాచుకున్న తల్లి కూడ ఒకే చోటును అంటిపెట్టుకొని ఉంటవి. బొచ్చు నున్నగా, కళ్ళు తేటగా ఉండి, మీ అలికిడికి చటుక్కున లేచిపోతే దాని మానాన దానిని వదిలేయండి. అట్లా కాక, బొచ్చు రేగి, కంటి మూలనుండి తెల్లని పొర పైకి వచ్చి, నీటి మూకుడు ముందు తల వాల్చి తాగలేక కూర్చుంటే అది జబ్బే. చెవుల అంచున మొదలై మొహమంతా పొక్కులు కడితే గజ్జి. మందుకు తగ్గుతుంది, కాని వట్టి చేతులతో ముట్టుకుంటే మనకూ దురద పట్టవచ్చు.

ఇక చొంగ కారుతూ, తూలుతూ, గొంతు మారి, ఊరకే మీదపడే పిల్లి సంగతి వేరు. అది పిచ్చిరోగం కావచ్చు. పట్టబోవద్దు. పిల్లలను, గొడ్లను దూరంగా ఉంచి పశువైద్యునికి కబురు చేయండి. కరిచినా, రక్కినా ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళవలెను. పసుపు, సున్నం అద్దవద్దు. బొడ్డు చుట్టూ 14 సూదులన్న భయం కొందరికి ఇంకా ఉన్నది. ఆ రోజులు పోయినవి. ఇప్పుడు చేతికి నాలుగైదు విడతల టీకాతో సరి. గాయం లోతైతే అక్కడ కూడ మందు ఎక్కిస్తారు. పిల్లి బతుకుతుందో లేదో చూద్దామని టీకా ఆపవద్దు.

అయితే చొంగ విషం వల్లనూ కారుతుంది. ఎలుకలకు మందు పెట్టారా, పురుగుమందు డబ్బా మూత తీసి ఉంచారా అని ఇంట్లో అడగండి. వైద్యునికి ఆ పొట్లమో డబ్బానో చూపించండి.

సొంత వైద్యం మాత్రం వద్దు. మనకు జ్వరం తగ్గించే పారాసిటమాల్ బిళ్ళ ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీయడానికి. గొడ్ల పిడుదులకు వాడే సైపర్‌మెత్రిన్ వంటి మందులూ అంతే. గేదెకు పనిచేసింది కదా అని పిల్లి గజ్జికి పూస్తే, వణికి వణికి చస్తుంది.

నీడలో మంచినీళ్ళు, ఉప్పూ కారం లేని ఉడికిన చేపముక్క పెట్టండి. పాలు వద్దు. అమ్మమ్మలు ఒప్పుకోరు గాని, పెద్ద పిల్లులలో చాలావాటికి పాలు అరగక విరేచనాలవుతవి. తిండి మానిన పిల్లికి రెండు మూడు రోజుల్లోనే కాలేయం చెడవచ్చు. కనుక వాయిదా వేయక పశువైద్యశాలకు చేర్చండి; సంచార పశువైద్య వాహనం సాయం కోసం 1962కు ఫోను చేసి అడగవచ్చు. మీదపడే రకం కాకపోతే, మందపాటి గోనెపట్టా కప్పి, పైన కోళ్ళగంప బోర్లించి, అడుగున చెక్క జరిపి కట్టేయండి. గంప మీది గోనెను దారిలో తీయవద్దు; చీకటిలో పిల్లి నెమ్మదిగా ఉంటుంది.