తొందర లేనివారి దారి

1828 జూలై 4వ తేదీన అమెరికాలో రెండు మార్గాలకు ఒకేనాడు ప్రారంభోత్సవం జరిగింది. వాషింగ్టన్ సమీపాన పోటోమాక్ నదీతీరంలో అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ స్వయంగా పార పట్టి ఒక కాలువకు తొలి మట్టి తీశారు. పార ఒక చెట్టువేరుకు తగిలి దిగకపోయేసరికి ఆయన కోటు విప్పి పక్కన పెట్టి మరీ తవ్వారట! అదే రోజున బాల్టిమోర్ నగరంలో ఒక రైలుమార్గానికి మొదటి రాయి వేశారు. రెండింటి ధ్యేయమూ ఒక్కటే. తూర్పుతీరాన్ని అలెఘెనీ పర్వతాలకు ఆవల ప్రవహించే ఒహాయో నదితో కలపాలి.

ఆ పందెంలో రైలు గెలిచింది. 1842 నాటికే అది కొండల పాదాన ఉన్న కంబర్లాండ్ పట్టణాన్ని చేరుకున్నది. కాలువ అక్కడికి వచ్చేసరికి 1850వ సంవత్సరమయింది. ఆపైన అది ఒక్క అడుగు కూడా ముందుకు పోలేదు.

అయితే ఆ కాలువ చేరలేకపోయిన గమ్యాన్ని ఈనాడు సైకిలు చేరుతున్నది. వాషింగ్టన్ నుండి పిట్స్‌బర్గ్ వరకు, నదుల వెంబడి, అడవుల నడుమ, పర్వతాన్ని దాటి సుమారు 335 మైళ్ళు (540 కిలోమీటర్లు) ప్రయాణం చేయవచ్చు. ఊళ్ళవద్ద కొద్దిచోట్ల వీధులను తాకటం మినహా ఆ దారిలో మోటారు వాహనాల ఒత్తిడి ఉండదు. దానిలో సగానికి పైగా పాడుబడిన కాలువ గట్టు. మిగిలినది చాలవరకు పట్టాలు తొలగించిన రైలుకట్ట. పిట్స్‌బర్గ్ పేరు తెలుగువారికి కొత్తది కాదు. 1970లలోనే ఆ నగర శివారున వేంకటేశ్వరస్వామి ఆలయం వెలసింది. ఆ నగరానికే ఇటువంటి నిశ్శబ్దమైన దారి ఒకటి ఉన్నదని మాత్రం చాలామంది ఎరుగరు.

కాలువ గట్టు

వాషింగ్టన్ నుండి కంబర్లాండ్ వరకు కాలువ పొడవు 184.5 మైళ్ళు. గోదావరి డెల్టాలో గట్టుమీద నడుస్తూ మనుషులు తాళ్ళతో పడవలను లాగిన కాలం మన పెద్దలకు తెలుసు. ఇక్కడ ఆ పని కంచరగాడిదలు చేసేవి. ఒక్కొక్క పడవలో నూరు టన్నులకు పైగా బొగ్గు ఉండేది. ఎగువనుండి దిగువకు ఉన్న 605 అడుగుల ఎత్తును దించడానికి 74 లాకులు కట్టారు. అందువల్ల లాకుల దగ్గర తప్ప గట్టు దాదాపు సమతలంగా ఉంటుంది. గాడిదల కాళ్ళకోసం వేసిన బాట సైకిలు చక్రాలకు చక్కగా సరిపోయింది.

దారిలో ఒకచోట పోటోమాక్ నది పాములా మెలికలు తిరుగుతుంది. ఆ మెలికలను తప్పించడానికి 3,118 అడుగుల పొడవున కొండను తొలిచి, ఇటుకలతో సొరంగం కట్టారు. 1836లో ఆరంభమైన ఆ పని ముగియటానికి 14 సంవత్సరాలు పట్టింది. దానిపేరు పాపా సొరంగం. ఆ మాట వినగానే అది బొప్పాయి కాబోలునని అనువాదకుడు తొందరపడరాదు. ఆ ప్రాంతపు అడవుల్లో కాచే ఈ పండు మన సీతాఫలం కుటుంబానికి చెందినది. సొరంగంలో ఇప్పటికీ దీపాలు లేవు. యాత్రికులు సైకిలు దిగి, చేత టార్చిలైటు పట్టుకొని, గాడిదల తాళ్ళు ఒరిపిడి పెట్టిన కమ్మీ పక్కగా నడిచి ఆవలి వెలుగులోకి వస్తారు.

న్యాయమూర్తి పాదయాత్ర

1924 నాటి వరదతో కాలువలో పడవల రాకపోకలు నిలిచిపోయాయి. 1938లో ప్రభుత్వం దానిని కొన్నది. తరువాత కాలువ వెంట మోటారు రహదారి వేయాలనే ఆలోచన బయలుదేరింది. కార్లలో వచ్చేవారు కూడా నదీసౌందర్యాన్ని చూడగలుగుతారు గదా అని దాని సమర్థకుల వాదం. 1954 జనవరిలో ‘వాషింగ్టన్ పోస్ట్’ పత్రిక కూడా ఆ ప్రతిపాదనను సమర్థిస్తూ సంపాదకీయం రాసింది.

సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం ఓ. డగ్లస్ దానికి సమాధానంగా ఆ పత్రికకు ఒక లేఖ రాశారు. ఆ సంపాదకీయం రాసినవారు తనతో కలిసి కాలువ పొడవునా నడవాలని, నడిచిన తరువాత వారి అభిప్రాయం తప్పక మారుతుందని ఆ లేఖ సారాంశం. డగ్లస్ నడకకు కొత్తవారు కారు. 1952లో వెలువడిన ఆయన గ్రంథమొకటి లడాఖ్ ప్రాంతపు హిమాలయ యాత్రను వర్ణిస్తుంది. సంపాదకులు ఆహ్వానాన్ని అంగీకరించారు. మార్చి 20న కంబర్లాండ్ నుండి బృందం బయలుదేరింది. ఎనిమిది రోజుల తరువాత వాషింగ్టన్ చేరేసరికి మొదటినుండి చివరివరకు పూర్తిగా నడిచినవారు తొమ్మండుగురే మిగిలారు. 55 ఏళ్ళ న్యాయమూర్తి వారిలో ఒకరు.

సంపాదకులు మాట మార్చుకొని, తమ వైఖరిని చాలావరకు సడలించుకున్నారు. అయినా పని ఒక్కనాటితో ముగియలేదు. 1971 జనవరిలో గాని కాలువకు జాతీయ చారిత్రక ఉద్యానవనంగా చట్టరక్షణ లభించలేదు. అంటే నడిచిన ఎనిమిది రోజులకు ఫలితం దక్కటానికి దాదాపు పదిహేడు సంవత్సరాలు పట్టిందన్నమాట.

రైలు మిగిల్చిన వాలు

కంబర్లాండ్ దాటగానే పర్వతం అడ్డు వస్తుంది. కాలువ ఓడిపోయినది ఇక్కడే. ఇక్కడినుండి పిట్స్‌బర్గ్ వరకు సాగే 150 మైళ్ళ భాగానికి గ్రేట్ అలెఘెనీ పాసేజ్ అని పేరు. కొండ ఎక్కాలంటే భయపడే సాధారణ యాత్రికుడు కూడా దీనిని దాటగలగటానికి కారణం రైలే. బరువైన రైలుబండి నిటారైన ఎక్కుడును ఎక్కలేదు. అందుచేత ఇంజనీర్లు లోయలమీద వంతెనలు కట్టి, శిఖరాలకింద సొరంగాలు తొలిచి, నూరడుగులకు రెండడుగులు కూడా లేని వాలును సాధించారు. రైళ్ళు పోయినా ఆ వాలు మిగిలింది.

కంబర్లాండ్ నుండి 24 మైళ్ళు మెల్లగా ఎక్కితే 2,392 అడుగుల ఎత్తున జలవిభాజకం వస్తుంది. సహ్యాద్రి శిఖరాన కురిసిన వాన ఒకవైపు అరేబియా సముద్రానికి, మరొకవైపు కృష్ణమ్మతో బంగాళాఖాతానికి చేరినట్లే, ఇక్కడ తూర్పున పడిన చినుకు అట్లాంటిక్ వైపు, పడమట పడినది మిసిసిపీ మీదుగా మెక్సికో సింధుశాఖకు పోతుంది. అక్కడికి కొద్ది ముందుగా బిగ్ శావేజ్ సొరంగం ఉన్నది. దాని పొడవు సుమారు 3,300 అడుగులు. లోపల ఊరే నీరు గడ్డకట్టి గోడలను బీటలు వారుస్తుంది కాబట్టి చలికాలంలో దానికి తలుపులు వేసి మూసివేస్తారు. విభాజకం దాటిన తరువాత కాసెల్మన్ లోయమీద 1,908 అడుగుల సాలిస్‌బరీ వంతెన వస్తుంది. అక్కడినుండి కాసెల్మన్, యాకగేనీ, మొనాంగహేలా నదులు ఒకదాని తరువాత ఒకటి తోడువస్తాయి.

బాటమీద తారు పోయలేదు. పిండిచేసిన సున్నపురాయిని పరచి గట్టిగా అణచారు. వాననీరు దానిమీద నిలవదు, అడుగు వేసేవారికీ మెత్తగా ఉంటుంది. కాలువ గట్టు సంగతి వేరు. చాలాచోట్ల అది మట్టీ కంకరా కలిసిన బాట కావటంతో, వాన పడితే బురద తప్పదు.

తెగితే అతకదు

రైలుకట్ట నడుమ ఒక ఇల్లు లేచినా, ఒక వంతెన పడగొట్టినా ఆ దారి తెగిపోతుంది. ఒకసారి తెగి పలువురి చేతుల్లో పడిన భూమిని మళ్ళీ ఒక దారిగా కూర్చటం అసాధ్యమనే చెప్పవచ్చు. అమెరికాలో 1916 నాటికి రెండున్నర లక్షల మైళ్ళకు మించిన రైలుమార్గాలు తరువాతి దశాబ్దాలలో వేలకొలది మైళ్ళు మూతపడ్డాయి. దీనికి విరుగుడుగా 1983లో ఒక చట్ట సవరణ వచ్చింది. దానిప్రకారం మూతపడనున్న కట్టను నడకబాటగా వాడుకోవచ్చు. అయితే కాగితాలమీద అది రైలుమార్గంగానే ఉంటుంది. దేశానికి అవసరమైననాడు మళ్ళీ పట్టాలు పరచవచ్చు.

ఇందులో నష్టపోయామనేవారి వాదమూ తేలికగా తోసివేయదగినది కాదు. చాలాచోట్ల రైలుకంపెనీకి ఉన్నది దారిహక్కు మాత్రమే. కిందనున్న భూమి పక్క రైతుదే. రైలు పోయినాక నా నేల నాకు రావాలి గదా అని అతడు అడుగుతాడు. 1990లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని నిర్ణయించింది. కాని నష్టపరిహారం కోరే హక్కు భూస్వాములకు ఉన్నదని కూడా చెప్పింది. 2014లో, 1875 నాటి చట్టం కింద దారిహక్కు పొందిన ఒక రైలుమార్గం వదలివేయబడినప్పుడు, ఆ హక్కు అంతరించి భూయజమానికే నేల దక్కుతుందని ఎనిమిది మంది న్యాయమూర్తులు ఒకవైపు, ఒక్కరు మరొకవైపు నిలిచి తీర్పు ఇచ్చారు.

అలెఘెనీ కొండలమీది రైలు 1975లోనే, అంటే ఆ చట్టానికి ముందే, నిలిచిపోయింది. కనుక బాటను తునకలు తునకలుగా సంపాదించవలసి వచ్చింది. 1986లో ఒహాయోపైల్ గ్రామం వద్ద మొదటి తునక తెరిచారు. తరువాత ఒక వంతెన, ఒక సొరంగం, ఒక ఊరు చొప్పున కలుపుకుంటూ వచ్చారు. చివరికి పిట్స్‌బర్గ్ చేరువలో మైలుకన్న తక్కువైన ఒక ఖాళీ మిగిలింది. అంత చిన్న ఖాళీ కూడా అన్ని మైళ్ళ దారిని అసంపూర్ణం చేసింది. అదీ 2013లో పూడింది.

ఆడమ్స్ పార పట్టిన నాటికి అప్పటికి 185 సంవత్సరాలు. బొగ్గు త్వరగా చేరాలని ఆరంభించిన దారిమీద ఇప్పుడు త్వరగా చేరవలసిన అవసరం లేనివారు పోతున్నారు. చాలాచోట్ల నదికి ఆవలి ఒడ్డున గూడ్సురైళ్ళు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. అవి వాటి వేగాన అవి పోతాయి. ఈవలి ఒడ్డున సైకిలు దిగినవాడు అవి కనుమరుగయ్యేవరకు చూచి, నీరు తాగి, మళ్ళీ బయలుదేరుతాడు.