బెదరిన కుక్కకు ధైర్యము

మహాభారతమున ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానొల్లనని పలికెను. ఆ కథ తెలియని తెలుగువారు అరుదు. కాని వీధిలో తోక ముడుచుకొని తొలగిపోవు కుక్కను చూచి, దాని భయమునకు కారణమేమని ఆలోచించువారును అరుదే.

గోరంట్ల చిత్రావతీ తీరమునందలి ఊరు. విజయనగర కాలపు మాధవరాయస్వామి ఆలయము అచ్చట కలదు. అనంతపురము జిల్లాలో నుండిన ఈ ఊరు 2022వ సంవత్సరమున శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఈ మెట్టసీమలో వానలు తక్కువ. వేరుసెనగ పంట వానపైననే ఆధారపడి యుండును. వాన తప్పిన యేట ఎన్నో కుటుంబములు బెంగుళూరు మొదలగు చోట్లకు కూలికి పోవును. ఇంటికి తాళము పడును. ఇల్లు కాచిన కుక్క మాత్రము అరుగు క్రిందనే మిగిలిపోవును. కొన్నాళ్లు అది వాకిట ఎదురుచూచి, పిదప ఆకలికి తాళలేక వీధుల పాలగును. రాళ్లదెబ్బలును, ఇతర కుక్కల కాట్లును దానిని మనుష్యుని చూచిన వణకునట్లు చేయును.

భయమునకు మరియొక కారణము కలదు. స్కాట్, ఫుల్లర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు కుక్కల స్వభావమును పెక్కేండ్లు పరిశీలించి 1965లో ఒక గ్రంథము ప్రకటించిరి. కుక్కపిల్ల సుమారు మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వరకు మనుష్యులతో సులభముగా చెలిమి చేయునని వారు తెలిపిరి. ఆ కాలమున మనుష్యుల స్పర్శ యెరుగని పిల్ల పెరిగిన పిదప వారిని చూచి బెదరును. దానికి మచ్చిక నేర్పవచ్చును గాని, అందుకు మిక్కిలి ఓర్పు కావలెను.

అట్టి కుక్కను ఒక కుటుంబము చేరదీసినదనుకొందము. మొదట పెద్దలు దానిని పశువైద్యునికి చూపి, రేబిస్ వ్యాధి రాకుండ టీకా వేయింపవలెను. పిదప ఇంటిలో సందడి లేని మూల ఒక గోనెపట్టా పరచి, నీళ్లు పెట్టి, దానిని కొన్నిదినములు దాని మానాన విడువవలెను. చుట్టును మూగి ముద్దుచేయుట తగదు. తప్పించుకొను దారి లేని జంతువునకు ప్రేమయు భయముగనే తోచును.

తరువాత ఇంటివారిలో ఒకరు ప్రతిదినము ఒకే వేళకు వచ్చి, దానికి కొంత దూరమున, ప్రక్కకు తిరిగి కూర్చుండవలెను. కన్నులలోనికి చూడరాదు, చేయి చాపరాదు. చిన్న సంగటి ముద్దయో, ఉడికిన గ్రుడ్డు ముక్కయో దాని వైపు మెల్లగా విసరి ఊరకుండవలెను. నేడు పది అడుగుల దూరమున తిన్న కుక్క కొన్నిదినములకు అయిదడుగుల దూరమున తినును. ఒకనాడు తానే వచ్చి చేతిని వాసన చూచును. ఆ మొదటి అడుగు కుక్కయే వేయవలెను.

ఈ పద్ధతికి ఆధారమైన సూత్రమును రష్యా శాస్త్రజ్ఞుడైన పావ్లోవ్ కనుగొనెను. ఆహారముతో పాటు పలుమారు ఒక ధ్వనిని వినిపించినచో, పిదప ఆ ధ్వని వినినంతనే కుక్కకు నోరూరును. అట్లే బస్సు మ్రోతకు బెదరు కుక్కకు ఆ మ్రోత దూరముగా వినబడునపుడెల్ల ఇష్టమైన తిండి పెట్టినచో, భయము క్రమముగా తగ్గును. తిండి ముట్టకున్నచో భయకారణము మిక్కిలి సమీపమున నున్నదని గ్రహించి, మరి కొంత దూరము తీసికొనిపోవలెను. శాంతస్వభావముగల మరియొక కుక్క తోడుండిన, దానిని చూచి ఇదియు ధైర్యము నేర్చుకొనును.

కొట్టి భయము మాన్పవచ్చునని కొందరు తలంతురు. అది పొరపాటు. దెబ్బ భయమును పెంచును. భయము కాటునకు దారితీయును. తోక కాళ్ల సందున దాచుట, చెవులు వెనుకకు వాల్చుట, పెదవులు నాకుకొనుట, కంటి తెలుపు కనబడునట్లు ఓరగా చూచుట, ఇవి దగ్గరకు రావద్దని కుక్క చెప్పు మాటలు. గుఱ్ఱుమనుట చివరి హెచ్చరిక. వీనిని గుర్తెరిగిన బాలుడు కాటు తప్పించుకొనును.

ఎరుగని కుక్కను, తినుచున్న కుక్కను, పిల్లలతోనున్న కుక్కను పిల్లలు సమీపింపరాదు. కుక్క కరచినచో గాయమును వెంటనే సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆలసింపక వైద్యశాలకు పోవలెను. రేబిస్ లక్షణములు పైబడిన పిదప బ్రతుకుట దాదాపు అసాధ్యము. సకాలమున వేసికొను టీకా ప్రాణము కాపాడును. 1885లో లూయీ పాశ్చర్ ఈ టీకాతో జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలుని రక్షించెను.

ప్రాణులయెడ దయ చూపుట పౌరుల ప్రాథమిక విధులలో ఒకటియని 1976లో మన రాజ్యాంగమున చేర్చబడినది. ఆ దయకు ఓర్పు తోడు కావలెను. కొన్ని కుక్కలు వారములలో తేరుకొనును. కొన్నింటికి నెలలు పట్టును. కొన్ని ఎన్నటికిని గుంపులో నిలువజాలవు. అట్టి కుక్క తన యింటి వాకిట నిర్భయముగా నిద్రించినను చాలును. వీధిలో అది మరచిపోయిన నిద్ర అదియే.